పేరు మారేది ఒక్క రాత్రిలో, రంగు మారేది ఏళ్ల తరబడి

2024 నవంబర్ 12న విస్తారా, ఎయిరిండియాలో కలిసిపోయింది. ముందు రోజు దాకా యూకే 955గా ఎగిరిన సర్వీసు తెల్లారేసరికి ఏఐ 2955 అయింది. ఆపరేటర్ పర్మిట్, రేడియోలో పిలుపు, ముందు సీటు సంచీలోని భద్రతా కార్డు, అన్నీ ఆ ఒక్క రాత్రి గీత దాటాల్సిందే. విమానం మాత్రం అదే వంకాయ రంగు, బంగారు రంగు తోకతో నిలబడి ఉంది. "ఇంకా రంగు మార్చలేదా?" అని చాలామంది అడిగారు. మార్చకపోవడమే తెలివైన పని.

ఒక ఎయిర్‌బస్ ఎ320కి పూర్తిగా రంగు మార్చాలంటే వారం నుంచి పది రోజులు హ్యాంగర్‌లో ఉంచాలి. పెద్ద విమానాలకు ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో ఒక్క టికెట్టూ అమ్ముడుపోదు, లీజు అద్దె మాత్రం ఆగదు. విస్తారా తెచ్చిన దాదాపు 70 విమానాలనూ వరసగా నిలబెడితే షెడ్యూలు కుప్పకూలుతుంది. పైగా పెయింట్ హ్యాంగర్లు మన దేశంలో తక్కువ, హోసూరులో ఉన్నటువంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే భారీ తనిఖీకి వచ్చినప్పుడే రంగు పని కూడా కలుపుతారు. అదీ తనిఖీ అయ్యాకే, ముందు కాదు. తనిఖీలో పానెళ్లు విప్పుతారు, హైడ్రాలిక్ ద్రవం కారుతుంది, అది పడిన చోట కొత్త పెయింట్ ఉబ్బి లేచిపోతుంది.

అసలు కష్టం పాత రంగు తీయడంలో ఉంది. ముందు నూనె, జిడ్డు పోయేలా కడుగుతారు. కిటికీలు, సీలెంట్ అతుకులు, యాంటెన్నాలు, చక్రాలు, ఇంజిన్ మూతులు, సెన్సర్లు అల్యూమినియం ఫాయిల్‌తో, టేపుతో కప్పుతారు. రోజులు పట్టేది ఈ కప్పడమే, కొత్త రంగు కొట్టడం కాదు. అల్యూమినియం ఒంటి మీద రసాయన స్ట్రిప్పర్ పూసి, పెయింట్ ముడతలు పడ్డాక ప్లాస్టిక్ గరిటెలతో తోసేస్తారు. ఇదివరకు మిథైలీన్ క్లోరైడ్ వాడేవారు. పనివాళ్లకు అది ప్రమాదమని ఇప్పుడు చాలాచోట్ల బెంజైల్ ఆల్కహాల్ రకాలకు మారారు, అవి కాస్త నిదానం. పాత ప్రైమర్‌లో (అడుగు పూతలో) క్రోమేట్ అనే విషపదార్థం ఉంటుంది కనుక కడిగిన నీళ్లను శుద్ధి చేయకుండా మురుగులోకి వదలకూడదు.

కాంపోజిట్ భాగాల (నారను రెసిన్ అనే జిగురుతో కలిపి చేసినవి) దగ్గర ఈ మందు పనికిరాదు, రెసిన్‌నే తినేస్తుంది. ముక్కు మీది రాడోమ్ (రాడార్‌ను కప్పే తొడుగు), రెక్కల కింది ఫెయిరింగులు (గాలి సాఫీగా జారేందుకు పెట్టే తొడుగులు), బోయింగ్ 787 అయితే దాదాపు ఒళ్లంతా సాండింగ్ చేయాల్సిందే, అంటే గరుకు కాగితంతో రుద్దాల్సిందే. ఒక పొర ఎక్కువ రుద్దితే లోపలి నార తెగుతుంది, అది రంగు ఖర్చు కాదు, రిపేరు ఖర్చు.

మెటల్ బ్లేడు ఎందుకు వద్దంటారో తెలుసా? సీలెంట్ కోయడానికో, స్టిక్కర్ అంచు కత్తిరించడానికో వాడిన కత్తి అల్యూమినియం తొడుగు మీద వెంట్రుకంత గీత వదులుతుంది. లోపల గాలి ఒత్తిడితో ప్రతి ట్రిప్పులోనూ ఒళ్లు ఉబ్బి తగ్గుతుంటే ఆ గీత పగులుగా మారుతుంది. బోయింగ్ 737ల అతుకుల దగ్గర ఇలాంటి గీతల కోసం ప్రత్యేకంగా తనిఖీలు చేయమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశాలే ఇచ్చింది.

పాత రంగు పోయాక ప్రైమర్, దాని మీద బేస్ కోటు, ఆపైన క్లియర్ కోటు. ప్రైమర్ కొట్టాక పై పొరకు తయారీదారు చెప్పిన గంటల గడువు దాటితే అతుకు పట్టదు, మళ్లీ గీకి మొదలుపెట్టాలి. సిలికాన్ జిడ్డు ఎక్కడైనా మిగిలితే చేప కన్నులాంటి గుంటలు పడతాయి. రివెట్ల తలల దగ్గర పొట్టు లేవడం అన్నిటికన్నా మామూలు ఫిర్యాదు. ఇక బరువు సంగతి. పూర్తి రంగు వేసిన 747 మోసేది దాదాపు 250 కిలోల పెయింట్, అందుకే పాత రంగు మీదే కొత్తది ఎన్నిసార్లయినా పూస్తామంటే కుదరదు. రాడోమ్ మీద పొర మందమైతే వాతావరణ రాడార్ చూపు మసకబారుతుంది, అక్కడ మెటాలిక్ పెయింట్ అసలే నిషిద్ధం.

రంగు ఆరాక తోకలోని రడ్డర్, ఎలివేటర్ వంటి, విమానాన్ని తిప్పే కదిలే భాగాల సమతౌల్యం చూడాలి. కీలు వెనక కొద్దిపాటి బరువు పెరిగినా వేగంలో అవి అదరడం మొదలవుతుంది. విమానాన్ని మళ్లీ తూచి బరువు పత్రాలు సవరిస్తారు.

అంటించిన ప్రతి టేపునూ లెక్కపెట్టి తీయడం మాత్రం తప్పని పని. 1996 అక్టోబర్ 2న లిమా నుంచి లేచిన ఏరోపెరూ బోయింగ్ 757 స్టాటిక్ పోర్టుల (బయటి గాలి ఒత్తిడిని కొలిచే చిన్న రంధ్రాలు) మీద, కడగడం, పాలిష్ కోసం అంటించిన టేపు మిగిలిపోయింది. ఎత్తు, వేగం చూపే మీటర్లు అబద్ధాలు చెప్పాయి. విమానం రాత్రివేళ సముద్రంలో పడి 70 మంది పోయారు. ఆ పోర్టుల చుట్టూ పెయింట్ అంచు లేచినా, గడ్డకట్టినా కొలతలు తప్పుతాయి.

చివర్లో చిన్న అక్షరాలు. వీటీతో (మన దేశపు గుర్తు) మొదలయ్యే రిజిస్ట్రేషన్ రెక్క కింద కనీసం 50 సెంటీమీటర్లు, ఒంటి మీద 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అత్యవసర తలుపుల చుట్టూ 5 సెంటీమీటర్ల పట్టీ, నేపథ్యానికి భిన్నంగా కనిపించాలి. ముదురు రంగు లివరీ (విమానం మీది రంగుల డిజైన్) గీసే డిజైనర్లు ఈ పట్టీనే తరచూ మర్చిపోతారు.

ఖర్చు తగ్గించే ఉపాయం 2010లో యునైటెడ్, కాంటినెంటల్ కలిసినప్పుడు కనిపించింది. తోక మీద కాంటినెంటల్ గోళం అలాగే ఉంచి యునైటెడ్ అన్న పేరు రాశారు. సగం విమానాలకు అక్షరాలు మారిస్తే సరిపోయింది. 2007లో ఇండియన్ (పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్), ఎయిరిండియా కలిసినప్పుడు మనవాళ్లు ఎగిరే హంసలో కోణార్క్ చక్రం పెట్టి రెండు పక్షాలనూ మెప్పించబోయారు. అది ఎవరి పాత విమానం మీదా లేని గుర్తు, కాబట్టి అందరికీ మళ్లీ పెయింటే. 2023లో వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ తోకలది ఇంకో దారి. బాంధనీ, అజ్రక్, మన కలంకారీ లాంటి నమూనాలతో ఒక్కో తోక ఒక్కో రకం. చూడముచ్చటే, కానీ రడ్డర్ ఒకటి మార్చాల్సి వస్తే స్టోరులోంచి ఏదో ఒకటి తెచ్చి బిగించడం కుదరదు.

లీజు విమానమైతే గడువు తీరాక తిరిగి ఇచ్చేటప్పుడు చాలా ఒప్పందాలు ఉత్త తెల్లరంగు అడుగుతాయి. అప్పుడు మళ్లీ కడగడం, కప్పడం, గీకడం.