ఎవరు లెక్కపెట్టారు?

మా కాలేజీలో బీఏ చదివేవాళ్లందరం కలిసినా ఒక ఆర్టీసీ బస్సులో సరిపోతాం. పక్క వీధిలోని కామర్స్ కాలేజీకి కంపెనీలు వస్తాయి. మా గేటు దాకా వచ్చేవి కోచింగ్ సెంటర్ల కరపత్రాలే. అలాంటి చోట మూడో సంవత్సరం మొదట్లోనే చరిత్ర మేడం నా నెత్తిన రెండు పనులు పెట్టారు: విద్యార్థి సదస్సుకు పత్రం, ప్లేస్‌మెంట్ సెల్‌కు రెజ్యూమె. మొదటిది కాలక్షేపం, రెండోదే అసలు పని అనుకున్నాను.

నా పత్రం 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద మీద. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఎగువన జలాశయాలు కట్టడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తవడం... ఇదంతా ఫోనులో అరగంటలో దొరికింది. మేడం చూసి, "ఇది నాకూ తెలుసమ్మా. అఫ్జల్‌గంజ్ వెళ్లు" అన్నారు.

అక్కడ మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది. వెళ్లాక తెలిసిందేమిటంటే, నాకు పనికొచ్చేవి చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. పుట్టింది ఈ ఊళ్లోనే అయినా నాకు ఉర్దూలో దుకాణం బోర్డు కూడా చదవడం రాదు. నా బెంచీలో కూర్చునే స్నేహితురాలిని బతిమాలి తీసుకెళ్లాను. ఆమె కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చదివి అర్థం చెబుతుంటే నేను తెలుగులో రాసుకునేదాన్ని. కొన్ని మాటల దగ్గర వేలు ఆగిపోయేది. "ఇది మా నానమ్మను అడగాలి" అనేది. అలా నాలుగు శనివారాలు గడిచాయి.

సదస్సు రోజున ప్రొజెక్టర్ మొరాయించింది. నోటితోనే లాక్కొచ్చాను. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పి ముగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అప్పుడు వెనక వరుసలో మొదటి సంవత్సరం కుర్రాడు ఒకడు లేచాడు.

"అక్కా, ఆ నూట యాభై మందిని ఎవరు లెక్కపెట్టారు?"

హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు మాత్రం లేదు. నేను చూసిన ప్రతిచోటా ఆ సంఖ్యే ఉంది. మా నాలుగు శనివారాల నోటుపుస్తకంలో మాత్రం లేదు.

తర్వాతి వారం నమూనా ఇంటర్వ్యూ. మా రెజ్యూమెలన్నీ ఒకే అచ్చులో పోసినవి: నాయకత్వ లక్షణాలు, బృందంతో పనిచేసే నేర్పు, కష్టపడే తత్వం. మేడం వాటి మీద ఎర్ర పెన్ను పెట్టి, "వీటిని ఎవరు లెక్కపెట్టారమ్మా?" అన్నారు. ఆవిడ కొట్టివేతలు అయ్యేసరికి సగం పేజీ తెల్లగా మిగిలింది. ఆ ఖాళీలో ఉర్దూ పుస్తకాలు చూసి పత్రం రాశానని రాశాను. "నువ్వే చదివావా?" అని అడిగారు. స్నేహితురాలి సాయంతో అని చేర్చాక గానీ వదల్లేదు. అప్పుడు ఒళ్లు మండింది.

ఆ కాగితంతోనే బస్తీల నీటి సమస్యలపై పనిచేసే ఒక చిన్న సంస్థకు వెళ్లాను. పత్రం గురించి చెప్పమన్నారు. చెట్టు సంగతీ, కుర్రాడి ప్రశ్నా, నాకు జవాబు దొరకని సంగతీ చెప్పాను. ఎదురుగా ఉన్నాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. పని అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత ఫోను వచ్చింది: మూడు నెలల ఇంటర్న్‌షిప్, ఇచ్చేది బస్సు ఖర్చులకూ మధ్యాహ్న భోజనానికీ సరిపోతుంది. "ఇంతేనా?" అంది అమ్మ.

మొదటి రోజు ఇంటింటి సర్వే కాగితాల కట్ట ఇచ్చి, అడుగున వేసిన మొత్తాలు సరిచూడమన్నారు. పదకొండో కాగితంలో ఒకే ఇల్లు రెండుసార్లు పడింది.