ఫోజ్ దో ఇగ్వాసులో చదువు, దానికి ముందు కాగితాలు

బ్రెజిల్లో మాస్టర్స్ అనగానే మా హిందూపురంలో అందరూ అడిగింది ఒకటే: "అక్కడేం చదువుతావురా, ఫుట్‌బాలా?" నేను చేరింది యూనిలా. లాటిన్ అమెరికా దేశాలను దగ్గర చేయాలని బ్రెజిల్ కేంద్ర ప్రభుత్వం 2010 జనవరిలో చట్టం చేసి పెట్టిన విశ్వవిద్యాలయం ఇది. పరానా రాష్ట్రంలో, ఇటు పరాగ్వే, అటు అర్జెంటీనా కలిసే మూలన ఫోజ్ దో ఇగ్వాసు అనే ఊళ్ళో ఉంది. సగం సీట్లు బ్రెజిల్ పిల్లలకు, సగం మిగతా లాటిన్ అమెరికా పిల్లలకు అన్న లెక్కతో మొదలుపెట్టారు. ట్యూషన్ ఫీజు లేదు. మాస్టర్స్‌లో మనలాంటి బయటివాళ్ళకూ దారి ఉండబట్టి నేను దూరగలిగాను.

సీటు కన్నా కాగితాలే నన్ను ఎక్కువ తిప్పాయి. ఇంజినీరింగ్ పట్టా మీద, మార్కుల జాబితాల మీద మన విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కర్ (కాగితం అసలైనదేనని వేరే దేశాలు నమ్మే ముద్ర) వేయించాలి. ఆ ముద్రను ఒప్పుకునే దేశాల హేగ్ ఒప్పందంలో 2016 నుంచి బ్రెజిల్ కూడా ఉంది కాబట్టి ఎంబసీ ముద్ర కోసం మళ్ళీ తిరగక్కర్లేదు. ఆ తర్వాత వాటిని పోర్చుగీసులోకి మార్పించాలి. మామూలు అనువాదం చెల్లదు. అక్కడి ప్రభుత్వం దగ్గర నమోదైన అనువాదకులే చేసి సంతకం పెట్టాలి. నాకు దొరికిన ఆయన ఇంటిపేరు ముందుండటం చూసి, అదే అసలు పేరనుకుని తిప్పి రాసేశాడు. పాస్‌పోర్టులో ఒకలా, అనువాదంలో ఒకలా. సరిచేసి కొత్త కాపీ పంపేదాకా ఒకటే టెన్షన్.

అంతకన్నా వింత అమ్మ పేరు. బ్రెజిల్లో ఏ ఫారం తీసినా తల్లి పేరు ఉండి తీరాలి. సీపీఎఫ్ అని మన పాన్, ఆధార్ కలిపినట్టుండే నంబరు ఒకటుంది. ఒకే పేరున్న ఇద్దరిని వేరు చేయడానికి దాని రికార్డుల్లోనూ అమ్మ పేరే చూస్తారు. నా కాగితాల్లో ఒకచోట అమ్మ ఇంటిపేరు ఒట్టి ఇనీషియల్, ఇంకోచోట పూర్తిగా ఉంది. ఫోన్ చేసి అడిగితే "నా పేరుతో వాళ్ళకేం పనిరా? మీ నాన్న పేరు చాలదా?" అంది. చివరికి పాస్‌పోర్టు ఆఖరి పేజీలో ఉన్నదే అన్నిచోట్లా ఒకేలా రాయించాను. ఆ నంబరు లేకపోతే సిమ్ కార్డుకీ, అద్దె ఇంటికీ ఇబ్బందే. సూపర్ మార్కెట్లో ఉల్లిపాయలు కొన్నా "సీపీఎఫ్ వేయమంటారా?" అని బిల్లు కొట్టే అమ్మాయి అడుగుతుంది.

దిగిన 90 రోజుల్లోపు ఫెడరల్ పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. అక్కడ వరుసలో నా ముందు పరాగ్వే కుర్రాడు. మెర్కోసూర్ అనే దక్షిణ అమెరికా కూటమి దేశాల నివాస ఒప్పందం ప్రకారం వాళ్ళ దేశపు గుర్తింపు కార్డు, నేరచరిత్ర లేదన్న సర్టిఫికెట్, ఇంకా కొద్దిపాటి కాగితాలు చూపితే అతనికి రెండేళ్ళ నివాసం వచ్చేస్తుంది. నా చంకలో లావుపాటి ఫైలు. సమైక్యత అన్న మాట పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా దాని బరువెంతో నాకు తెలిసింది ఆ రెండు ఫైళ్ళ మందం చూశాకే. వేలిముద్రలయ్యాక ఒక రసీదు ఇచ్చారు. విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు వచ్చేదాకా అదే నా గుర్తింపు.

క్లాసులు మాత్రం సరదాగా ఉంటాయి. ఒక మాస్టారు పోర్చుగీసులో చెబితే, మరొకరు స్పానిష్‌లో చెబుతారు. పరీక్ష ఏ భాషలో రాసినా తీసుకుంటారు. మా హిందూపురం బజారులో తెలుగులో ధర అడిగితే కన్నడలో జవాబొస్తుంది, ఎవరూ ఆగి ఆలోచించరు. ఇక్కడా అంతే. పరాగ్వే వాళ్ళు వాళ్ళలో వాళ్ళు తమ స్థానిక భాష గ్వారానీలోకి జారుకుంటే మాత్రం బ్రెజిల్ వాళ్ళూ నాలాగే తెల్లమొహం వేస్తారు.

నా సబ్జెక్టు విద్యుత్తు కాబట్టి బ్రెజిల్, పరాగ్వే కలిసి కట్టుకున్న ఇతైపు జలవిద్యుత్ డ్యాం పక్కనే ఉండటం వరం. యూనిలా మొదటి క్లాసులు జరిగింది కూడా ఆ డ్యాం టెక్నాలజీ పార్కులోనే. అందులో 700 మెగావాట్ల యూనిట్లు 20. వాటిలో పది 50 హెర్ట్జ్, పది 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క). పరాగ్వే గ్రిడ్ 50 మీద, బ్రెజిల్ గ్రిడ్ 60 మీద నడుస్తాయి మరి. పరాగ్వే తన వాటాలో వాడుకోగా మిగిలిన కరెంటును డీసీగా, అంటే ఊగకుండా ఒకే దిశలో పారేలా మార్చి సావో పాలో వైపు పంపి, అక్కడ మళ్ళీ 60కి తెస్తారు. రెండు దేశాలూ మీది మార్చుకోండంటే మీది మార్చుకోండని పట్టుబట్టకుండా, చెరి సగం పెట్టుకుని పని కానిచ్చుకున్నాయి. నాకు నచ్చిన సమైక్యత ఇదే.

శనివారాలు నా స్నేహితులు స్నేహ వంతెన మీదుగా నడిచి పరాగ్వేలోని సియుదాద్ దెల్ ఎస్తెకి ఛార్జర్లు కొనడానికి వెళ్ళొస్తారు. నా పాస్‌పోర్టుకి వీసా కావాలి. ఛార్జర్ కోసం వీసా ఎందుకని వాళ్ళ చేతే తెప్పించుకుంటాను.

ఎవరైనా వచ్చే ఆలోచనలో ఉంటే: అమ్మానాన్నల పేర్లు ఇనీషియల్స్ లేకుండా అన్ని సర్టిఫికెట్లలో ఒకేలా ఉన్నాయో లేదో ఇండియాలోనే చూసుకోండి. పోర్చుగీసు ముందే మొదలుపెట్టండి. స్పానిష్ వచ్చినవాళ్ళు క్లాసులో నెట్టుకొస్తారు కానీ, ఆఫీసుల్లో ఫారాలన్నీ పోర్చుగీసులోనే. కార్డు గడువు తీరకముందే రెన్యువల్‌కి పెట్టాలి, చదువు సాగుతోందని యూనివర్సిటీ ఇచ్చే పత్రంతో సహా. నాది వచ్చే నెలలో ఉంది, ఫైలు మళ్ళీ బయటికి తీశాను.