పడమటి స్తంభం

నవంబరు 23

ఇవాళ ఇక్కడ జపాన్‌లో సెలవు. శ్రమకు కృతజ్ఞత చెప్పుకునే రోజట. నాన్న ఊరి నుంచి వచ్చి పది రోజులైంది. ఒసాకాలో టవర్లూ షాపులూ అన్నీ తిప్పాను, దేన్ని చూసినా "బాగుందిరా" అనే ఒక్క మాటే. ముప్పై ఐదేళ్లు వడ్రంగిగా బాడిస పట్టిన మనిషిని అద్దాల మేడల చుట్టూ తిప్పుతున్నానేంటని రాత్రి పడుకున్నాక తట్టింది. పొద్దున్నే పులిహోర డబ్బాలో సర్దుకుని ఇద్దరం హిమేజీ రైలెక్కాం. గంట ప్రయాణం.

స్టేషన్ బయటికి రాగానే తిన్నటి రోడ్డు, దాని చివర గుట్ట మీద తెల్లగా కోట. తెల్లకొంగ కోట అంటారు. దగ్గరికి వెళ్లాక నాన్న ముందు చూసింది గోడల్నే. "ఏం సున్నంరా ఇది, ఇంత నున్నగా ఉంది?" సున్నంలో సముద్రపు నాచు జిగురు, నార కలుపుతారని చెప్పాను. "మన డంగుసున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు పోసినట్టన్నమాట" అన్నాడు. లోపలంతా చెక్క కదా, నిప్పు అంటుకోకుండా ఆ పూత. పెంకుల అతుకుల మీద కూడా అదే సున్నం, అందుకే దూరం నుంచి కప్పు కూడా తెల్లగా మెరుస్తుంది.

చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని లోపలికి వెళ్లాం. మేజోళ్లలోంచి కూడా చెక్క నేల చల్లదనం అరికాలికి తగులుతోంది. నాన్న నడవడం మానేసి నిలబడిపోయాడు. ఎదురుగా ఆ పెద్ద స్తంభం. కింది నుంచి దాదాపు పై అంతస్తు దాకా వెళ్లే స్తంభాలు ఇలాంటివి రెండున్నాయి, తూర్పున ఒకటి, పడమట ఒకటి. ఒక్కోటి సుమారు 25 మీటర్లు. 1609లో ఇకెదా తెరుమసా అనే ప్రభువు కట్టించిన ఈ ఆరంతస్తుల బరువంతటికీ వెన్నెముక ఆ రెండే. నాన్న అరచేయి ఆనించి, వేళ్లతో కొట్టి చూసి, చెవి పెట్టి విన్నాడు. పక్కన జనం ఫోటోలు తీసుకుంటూ వెళ్లిపోతున్నారు. నాకు ఆయన్ని తొందరపెట్టబుద్ధి కాలేదు.

పడమటి స్తంభం అసలుది కాదని చెప్పాను. 1956 నుంచి 1964 దాకా కోటను మొత్తం విప్పి బాగుచేసినప్పుడు, పాత స్తంభం లోపల పుచ్చిపోయి కనిపించింది. కొత్తదానికి కిసో అడవుల నుంచి హినోకి అనే సైప్రస్ జాతి మాను ఒకటి తెస్తుంటే దారిలో విరిగింది. చివరికి ఇంకో మానుతో కలిపి, మూడో అంతస్తు దగ్గర రెండింటినీ అతికి నిలబెట్టారు. విరిగిందనగానే నాన్న ముఖం వాడిపోయింది. "అయ్యో... మోసుకొస్తున్నవాళ్ల ప్రాణం ఎలా ఉండుంటుందో" అన్నాడు. ఆ సంగతి నేను ఇదివరకు చాలాచోట్ల చదివాను, ఒక్కసారీ వాళ్లు గుర్తుకు రాలేదు.

మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉన్నాయి. నాన్న మోకాళ్లకి టెన్షన్ పడి వద్దన్నాను, వినలేదు. పై దాకా ఎక్కాడు. కిటికీలోంచి ఊరంతా కనిపిస్తోంది. 1945 బాంబుల్లో ఆ ఊరు కాలిపోయి ఈ కోట మాత్రం మిగిలిందంటే నమ్మలేక రెండుసార్లు అడిగాడు.

పచ్చిక మీద పులిహోర తినేసి, బస్సులో షోషా కొండకి వెళ్లాం. రోప్‌వే, ఆ పైన మోకాళ్ల కోసం మినీబస్సు. ఎంగ్యోజీ గుడి 966లో మొదలైంది. మణిదెన్ అనే మండపం కొండవాలు మీద పొడవాటి కొయ్య కాళ్లతో నిలబడి ఉంటుంది. దాని ముందు మేపుల్ చెట్లు, ఒకే కొమ్మ మీద చివర ఆకు కుంకుమ ఎరుపు, మధ్యలోది నారింజ, కాండం దగ్గరిది ఇంకా పచ్చగానే. అందరూ పైకి చూస్తుంటే నాన్న వంగి మండపం కింద అడ్డదూలాలు ఎలా దూర్చారో చూస్తున్నాడు.

లోపల యాత్రికులు కొందరు ప్రజ్ఞాపారమిత హృదయ సూత్రమనే బౌద్ధ పాఠం చదువుతున్నారు. చివర "గ్యతే గ్యతే" అని, "బోజి సొవక" అని ముగించారు. "స్వాహా అంటున్నారేంట్రా?" అన్నాడు నాన్న. అదేనన్నాను. ఇక్కడి దేవత చేతిలో ఉన్నది చింతామణి, మణిదెన్‌లో మణి కూడా మన మణే అని చెబితే చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు.

ఇంకా పైన మూడు పెద్ద మండపాలున్నాయి. వాటిలో పొడవాటి జికిదో వందల ఏళ్లు అసంపూర్తిగా ఉండి, 1963లోనే పూర్తయిందట. ఆ వసారాలో కూర్చున్నాం. ఐదు కాకముందే చీకటి పడిపోయింది, చలికి నాన్న మఫ్లర్ చెవుల మీదికి లాక్కున్నాడు. లేవమంటే లేవడే.

ఇప్పుడు రాత్రి పదిన్నర. అన్నం తిన్నాక నా ప్రింటర్ కాగితం ఒకటి, పెన్సిలు అడిగాడు. ఆ రెండు మానుల అతుకు తానైతే ఎలా వేసేవాడో గీశాడు. ఒకటి గీసి కొట్టేసి, పక్కన ఇంకోటి. "మూడో అంతస్తులో సరిగ్గా చూడలేదురా, జనం తోసేశారు. వచ్చే ఆదివారం ఇంకోసారి వెళ్దామా?" అన్నాడు. టికెట్లు చూస్తానన్నాను. కాగితం ఈ డైరీలోనే పెట్టాను.