దండ లేకుండా మా అమ్మమ్మ బొమ్మ

మన ఇళ్ళల్లో ముసలావిడ బొమ్మ గోడకెక్కిందంటే ఆవిడ ఇక లేదనే అర్థం. ఎప్పుడో పింఛను కాయితాల కోసం తీయించిన పాస్‌పోర్టు సైజు ఫొటోనే పెద్దది చేయించి, స్టూడియోలో ముడతలన్నీ తుడిపించేసి, వెనకాల నీలం రంగు పెట్టించి, గంధపు దండ వేసి, కింద ఒక చిన్న బల్బు వెలిగిస్తారు. ప్రేమ లేక కాదు. కానీ ఆ పటంలో మొహం మనతో బతికిన మనిషి మొహంలా ఉండదు, నాకు అదే బాధ. అందుకే అమ్మమ్మ ఉండగానే, ఆవిడ చూస్తుండగానే ఆయిల్ పెయింటింగ్ వేయించి హాల్లో పెట్టాం.

ముందు ఇంట్లో పెద్ద గొడవే అయింది. "బతికున్న మనిషిని గోడకెక్కిస్తారటే, అపశకునం కాదూ" అని పెద్దమ్మ. అమ్మమ్మ మాత్రం కాసేపు ఆలోచించి, "దక్షిణం గోడకు పెట్టకండి, అది పోయినోళ్ళది. ఇంకెక్కడైనా పెట్టుకోండి" అంది. అంతే, ఆ మాటతో ఎవరూ మళ్ళీ నోరెత్తలేదు.

వేసినాయన తెనాలి ఆయన. ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లు, షాపుల బోర్డులు రాసిన చెయ్యి. ఫొటో మీద గళ్ళు గీసుకుని, అవే గళ్ళు పెద్దవిగా కాన్వాస్ మీద గీసుకుని, ఒక్కో గడి చూసి బొమ్మ దించుతాడు. పోలిక పట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు నాకు తెలియదు. అయితే బ్యానర్లకు అలవాటు పడ్డ చెయ్యి కదా, బుగ్గలు నున్నగా చేసేస్తాడేమోనని భయపడి నా ఫోన్‌లో రెంబ్రాంట్ అనే పాతకాలపు డచ్ చిత్రకారుడు వేసిన ఒక బొమ్మ తీసి చూపించాను. 1634లో వేసింది, ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో ఉన్నది ఆయెఖ్యా క్లాస్‌దఖ్తర్ అనే ఆవిడ, వయసు 83 అని బొమ్మ మీదే రాసి ఉంటుంది. రెంబ్రాంట్‌కు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. తెల్లటి టోపీ, మెడ చుట్టూ కుచ్చుల పట్టీ, వాటి మధ్య ఆ మొహం చూడండి: వాలిపోయిన రెప్పలు, ఎర్రబారి కాస్త తడిగా ఉన్న కళ్ళ అంచులు, పల్చబడ్డ చర్మం కింద బుగ్గల మీద ఎరుపు. ఒక్కటి కూడా దాచలేదు, అయినా ఎంత హుందాగా ఉంటుందో ఆవిడ. మా పెయింటర్ గారు ఫోన్ పట్టుకుని జూమ్ చేసుకుంటూ చాలాసేపు చూసి, "ఫొటోతో పని కాదమ్మా, మామ్మగారిని ఒకసారి ఎదురుగా కూచోబెట్టండి" అన్నాడు.

వసారాలో ఉత్తరం కిటికీ పక్కన కూచోబెట్టాం. ఎండ నేరుగా పడని వెలుగు అక్కడ, మొహానికి ఒకవైపు మెత్తటి నీడ వస్తుంది. (మీరు ఫొటో పంపి వేయిస్తున్నా ఇలాంటి వెలుగులోనే తీయండి, ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి, మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదిగా వస్తుంది కాబట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి.) అప్పుడు ఆయన కళ్ళకు కనపడింది ఫొటోలో ఎక్కడా పడని సంగతి. పెద్దవాళ్ళ కళ్ళల్లో నల్లగుడ్డు అంచున బూడిద నీలం రంగులో సన్నటి వలయం వస్తుంది కదా, అది. అంతకుముందు గుడ్డు మొత్తం నల్లగా వేసి ఉంచాడు, దాన్ని చెరిపి సన్నటి కుంచెతో ఆ వలయం దిద్దాడు. చూస్తుండగానే చూపు మారిపోయింది, అది అచ్చంగా అమ్మమ్మ చూపు. ఆ తర్వాత చెవులు. ఒకప్పుడు బరువైన బుట్టలు పెట్టుకుని పెట్టుకుని కుట్లు సాగి నిలువు గీతలయ్యాయి, ఇప్పుడు వాటిల్లో చిన్న దుద్దులు కిందికి జారినట్టు వేలాడుతుంటాయి. అవీ అలాగే వేశాడు. నీడలకు నలుపు అసలు వాడలేదు, గోధుమ రంగులో కొంచెం నీలం కలిపాడు, నలుపు పెడితే చర్మం మాడినట్టు కనపడుతుందట.

బొట్టు దగ్గర మళ్ళీ ఆగింది. తాతయ్య పోయాక అమ్మమ్మ బొట్టు పెట్టుకోలేదు. బొమ్మలో అయినా పెట్టిద్దాం, నిండుగా ఉంటుందని పెద్దమ్మ, వద్దు లోకం ఏమంటుందోనని మామయ్య. ఇద్దరూ వాదించుకుంటున్నారు కానీ ఆవిడని అడగాలని ఎవరికీ తోచలేదు. పెయింటర్ గారే కుంచె పక్కన పెట్టి అడిగాడు. "రోజూ అద్దంలో నాకు కనపడే మొహం వెయ్యి నాయనా" అంది. నుదురు ఖాళీగానే ఉంది. నాకు ఆ బొమ్మలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే, ఎందుకంటే అక్కడ ఏముండాలో తేల్చింది ఆవిడే.

ఇక తగిలించడం. మనవాళ్ళు పటాలను దాదాపు కప్పు దగ్గర, తాడు మీద ముందుకు వాలేలా కడతారు. దేవుడి పటానికి సరే, ఇలాంటి బొమ్మకు వద్దు. మధ్యభాగం నేల నుంచి ఐదడుగులకు కాస్త అటూ ఇటూగా ఉంటే నిలబడ్డ మనిషి కళ్ళకు సరిగ్గా అందుతుంది. ఆయిల్ పెయింటింగ్‌కు అద్దం అవసరం లేదు, కానీ నేరుగా ఎండ తగిలే గోడా, వానాకాలం చెమ్మ ఊరే గోడా పనికిరావు. అగరుబత్తి పొగ పట్టే చోటు కూడా వద్దు, మసి పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడవకండి, మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. పైకి ఆరినట్టు కనపడినా లోపల రంగు ఆరడానికి నెలలు పడుతుంది కాబట్టి వార్నిష్ ఆర్నెల్ల తర్వాతే వేయించండి. షాపుల్లో తొందరపెడతారు, వినకండి.

మా ఇంటికి వచ్చేవాళ్ళు ముందు గుమ్మంలోనే ఆగి, దండ కోసం వెతికి, "అయ్యో, ఎప్పుడు..." అని గొంతు తగ్గించి అడుగుతారు. లోపల్నుంచి అమ్మమ్మే సమాధానం చెప్తుంది.

ఇప్పుడు పెద్దమ్మే అడుగుతోంది, వాళ్ళ అత్తగారిని కూడా వేయిద్దామా అని. ఆవిడకు తొంభై దాటాయి, ఎక్కువసేపు కూచోలేరు, అందుకని పెయింటర్ గారినే వాళ్ళ ఊరు తీసుకెళ్తున్నాం. మీ ఊళ్ళో కూడా బోర్డులు రాసిన పాత చేతులు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి, ఒకసారి వాకబు చేయండి. మామ్మనో నాన్నమ్మనో ఉత్తరం కిటికీ పక్కన కూచోబెట్టండి, బొట్టూ నగా చీరా ఏవి కావాలో ఆవిడనే చెప్పనివ్వండి.