పైఆడియోఆప్ కోసం వెతక్కండి

"మేడం, పైఆడియోఆప్ ఇన్‌స్టాల్ అయితలేదు." హన్మకొండలో నేను పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్పే చోట ఈ మధ్య తరచూ వింటున్న మాట ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే రాసి పెడితే మేలనిపించింది.

నర్సంపేట వైపు నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు తమ ఊళ్లో పెద్దవాళ్లు పాడే బతుకమ్మ పాటల్ని ఫోన్‌లో రికార్డు చేశారు. పాటకూ పాటకూ మధ్య ఎవరూ పాడని చోట ఫైలును ముక్కలు చేయడం వాళ్ల ప్రాజెక్టు. ఆడియో ఫైళ్ల కోసం ముందే రాసిపెట్టిన పైడబ్ అనే లైబ్రరీతో అది నాలుగైదు లైన్ల పని. ల్యాబ్‌లో చక్కగా నడిచింది. ఇంట్లో కొత్తగా పైథాన్ 3.13 వేసుకున్న ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయింది. పైఆడియోఆప్ అనే మాడ్యూల్ లేదట.

ఆ పేరు పట్టుకుని వెళ్తే దారి తప్పుతారు. నిజంగా పోయింది ఆడియోఆప్, ఇంతకుముందు పైథాన్‌తో పాటే వచ్చిన ఆడియో మాడ్యూల్. పైడబ్ ముందు దాన్నే అడుగుతుంది, దొరక్కపోతే పైఆడియోఆప్ అనే ఇంకో పేరుతో ప్రయత్నిస్తుంది. అదీ ఉండదు. స్క్రీన్ మీద చివర మిగిలేది ఆ రెండో పేరే. కొంచెం పైకి జరిపి ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడెక్కడ వచ్చిందో చూపే వివరం) మొదటి సగం చదివితే అసలు పేరు కనిపిస్తుంది. దయచేసి ఎర్రర్‌ను పైనుంచి చదవండి.

పైథాన్‌కు "బ్యాటరీలతో సహా" వస్తుందని పేరు, అంటే చాలా మాడ్యూళ్లు దానితోనే వస్తాయి. వాటిలో పాడైపోయిన బ్యాటరీల్ని తీసేద్దామని 2019లో క్రిస్టియన్ హైమ్స్ పెప్ 594 అనే మార్పు ప్రతిపాదన పెట్టారు. 2022లో ఆమోదం వచ్చింది, 3.11 నుంచి హెచ్చరికలు మొదలయ్యాయి, 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13లో 19 మాడ్యూళ్లు వెళ్లిపోయాయి. ఆడియోఆప్‌తో పాటు సీజీఐ (వెబ్ ఫారాలకు), టెల్నెట్‌లిబ్ (నెట్‌వర్క్ పనులకు), క్రిప్ట్ (పాస్‌వర్డ్‌లకు), ఇమ్‌జీహెచ్‌డీఆర్ (బొమ్మ ఫైల్ ఏ రకమో గుర్తించడానికి) అన్నీ అందులోవే. తీసేయడం సరైన పనే అంటాను. ఇమ్‌జీహెచ్‌డీఆర్‌నే చూడండి: ఫైల్ జేపెగ్ అవునా కాదా తేల్చడానికి అది చాలాకాలం 7 నుంచి 10వ బైట్ వరకు జేఫిఫ్ లేదా ఎక్సిఫ్ అనే అక్షరాలున్నాయా అని మాత్రమే చూసేది. అవి లేని జేపెగ్‌లు కూడా ఉంటాయి, వాటిని గుర్తుపట్టేది కాదు. పట్టించుకునేవాళ్లు లేని కోడ్ అలాగే ఉండిపోతుంది.

నాకు బాధ కలిగించేది ఆ హెచ్చరికల సంగతి. డిప్రికేషన్ వార్నింగ్, అంటే ఫలానాది ఇక తీసేస్తారన్న హెచ్చరిక, మామూలుగా మనం నేరుగా నడిపే ఫైల్‌లో తప్ప కనిపించదు. ఇక్కడ ఆడియోఆప్‌ను ఇంపోర్ట్ చేసింది పిల్లల ఫైల్ కాదు, పైడబ్. కాబట్టి 3.11లో, 3.12లో వాళ్ల స్క్రీన్ మీద ఒక్క ముక్క కూడా రాలేదు. చెప్పాల్సినవాళ్లు చెప్పారు, వినాల్సినవాళ్ల దాకా అది చేరలేదు. నేర్చుకుంటున్నవాళ్లకు ఇది అన్యాయమని గట్టిగా అనుకుంటున్నాను. అందుకే మా క్లాసులో ఇప్పుడు ప్రతి ప్రాజెక్టునూ ఒకసారి పైథాన్ పక్కన హైఫన్, పెద్ద డబ్ల్యూ, డిఫాల్ట్ అని (python -W default) ఇచ్చి నడిపిస్తున్నాను. లైబ్రరీల లోపల దాగిన హెచ్చరికలు కూడా అప్పుడు బయటికొస్తాయి.

పరిష్కారం తేలికే. పైథాన్ ప్యాకేజీల్ని ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో, ఆడియోఆప్ స్థానంలో పనిచేసే ఆడియోఆప్-ఎల్‌టీఎస్ వేసుకుంటే పైడబ్ మళ్లీ నడుస్తుంది. సీజీఐ తప్పనిసరైతే లెగసీ-సీజీఐ ఉంది, కానీ కొత్త పనికి దాన్ని వాడకండి.

ల్యాబ్ మాన్యువల్ మళ్లీ ప్రింటుకు ఇవ్వబోయే లెక్చరర్లకు ఒక మనవి. వెబ్ ఫారం ప్రయోగంలో ఇంకా సీజీఐ ఉంటే ఈసారి ఫ్లాస్క్ అనే వెబ్ లైబ్రరీతో మార్చండి. నెట్‌వర్కింగ్ ప్రయోగాల్లో టెల్నెట్‌లిబ్ ఉందేమో కూడా చూడండి. మార్చడానికి టైం లేకపోతే కనీసం ఆ ప్రయోగం పైన "పైథాన్ 3.12 వరకే" అని ఒక లైన్ వేయించండి.