మంట నేలలోకి ఎంత లోతుకు దిగుతుంది?

1910 వేసవిలో అమెరికాలోని ఐడాహో, మోంటానా రాష్ట్రాల అడవుల్లో చెలరేగిన కారుచిచ్చు సుమారు 30 లక్షల ఎకరాలను దహించింది. ఆ భయం అక్కడి అటవీ శాఖను దశాబ్దాల పాటు వదలలేదు. ఎక్కడ మంట కనిపించినా మరునాటి ఉదయం పది గంటలలోపు అదుపులోకి తేవాలన్న నియమం 1935లో వచ్చింది. అంతకుముందు పాండెరోసా పైన్ అడవులు పిడుగుల వల్లనో, స్థానిక ఆదివాసులు కావాలని పెట్టిన నిప్పు వల్లనో కొన్నేళ్లకొకసారి నేలబారుగా, తేలికగా కాలుతుండేవి. ఆ మంటలు ఆగిపోవడంతో చిన్న చెట్లు కిక్కిరిసి పెరిగాయి, రాలిన సూదులు, అంటే సూదుల్లాంటి పైన్ ఆకులు, పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఇప్పుడు ఆ అడవులను పెను మంటల నుంచి కాపాడటానికి రెండు పనులు చేస్తున్నారు: కొన్ని చెట్లను నరికి అడవిని పలుచన చేయడం, అనువైన వాతావరణం చూసి తామే నిప్పు పెట్టి తగలబెట్టడం. ఈ రెంటి గురించి జరిగే చర్చలో చెట్లు, పొగ, ఇళ్లు ఉంటాయి కానీ నేలలోని శిలీంధ్రాలకు, అంటే బూజు, పుట్టగొడుగుల కోవకు చెందిన జీవులకు, దక్కే చోటు చాలా తక్కువ. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

పైన్ చెట్టు సన్నని వేళ్ల కొనలను కొన్ని శిలీంధ్రాలు తొడుగులా కప్పి ఉంటాయి. వీటిని ఎక్టోమైకోరైజా శిలీంధ్రాలంటారు. వేరు చేరలేని చోటికి తమ తంతువులను పంపి నత్రజనిని, భాస్వరాన్ని, నీటిని చెట్టుకు అందించి, బదులుగా చెట్టు ఆకుల్లో తయారైన చక్కెరను తీసుకుంటాయి. వీటిలో అధిక భాగం నివసించేది సగం కుళ్లిన సూదుల పొరలోనూ, దాని కింద ఉన్న కొద్ది అంగుళాల మట్టిలోనూ. అంటే మంట పెట్టేవారు తగ్గించాలనుకునే ఇంధనమే వీటి ఇల్లు కూడా.

చెట్లను పలుచన చేయడం వల్ల కలిగే నష్టం సాధారణంగా తక్కువే. నరికిన చెట్టు వేళ్లకు చక్కెర అందడం ఆగిపోయి, వాటిని ఆశ్రయించిన శిలీంధ్రాలు క్రమంగా తగ్గిపోతాయి. అయితే పక్కనే నిలిచి ఉన్న చెట్ల వేళ్లు చాలా జాతులను బతికిస్తాయి. అసలు హాని చేసేవి భారీ యంత్రాలు, వాటి చక్రాల కింద అణగిపోయే నేల. నరికిన కొమ్మలను కుప్పలు వేసి కాల్చడం అంతకన్నా హానికరం, ఎందుకంటే కుప్ప కింది మట్టి గంటల తరబడి తీవ్రంగా వేడెక్కుతుంది, ఆ మచ్చ ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

నేలబారు మంట విషయంలో ఆరెగాన్‌లోని బ్లూ మౌంటెన్స్‌లో చేసిన, 2004లో ప్రచురితమైన పరిశోధన నాకు అత్యంత విలువైనదిగా కనిపిస్తుంది. పాండెరోసా అడవిలో కొన్ని భాగాలను వసంతంలోనూ, మరికొన్నింటిని శరదృతువులోనూ తగలబెట్టి, వేళ్ల మీది శిలీంధ్రాలను ముందూ తరువాతా లెక్కించారు. శరదృతువులో కాల్చిన చోట సూదుల పొర, బతికున్న వేళ్లు, శిలీంధ్ర జాతుల సంఖ్య బాగా పడిపోయాయి. వసంతంలో కాల్చిన చోట అంత నష్టం లేదు. కారణం నేల తడి. మట్టిలో నీరు ఉన్నంతవరకు దాని ఉష్ణోగ్రత మరిగే స్థాయిని దాటదు, తడిసిన పొర అడుగు వరకు కాలదు. వేసవి ఎండకు ఎండిన పొర మాత్రం జ్వాల వెళ్లిపోయిన తరువాత కూడా నివురుగప్పిన నిప్పులా లోపల రగులుతూనే ఉంటుంది. పైకి ఏమీ కనిపించకపోయినా పెద్ద చెట్ల మొదళ్ల వద్ద వేళ్లను కాల్చేది అదే.

అలాగని వసంతపు మంటే ఎల్లప్పుడూ మంచిదని తీర్మానించలేము. తడి మట్టిలో వేడి తక్కువ ఉష్ణోగ్రత వద్దే శిలీంధ్రాలను చంపగలదు. పైగా ఆ అడవులు వేల ఏళ్లుగా అలవాటుపడినవి వేసవి చివర, శరదృతువులో వచ్చే మంటలకు. నా అభిప్రాయంలో, దశాబ్దాలుగా కాలని అడవిలో పెట్టే మొదటి మంటకు నేల తడిగా ఉండాలి. మందమైన పొర తొలగిపోయిన తరువాత శరదృతువు మంటలకు తిరిగి వెళ్లవచ్చు. పాత చెట్ల మొదళ్ల చుట్టూ ఉన్న తుక్కును ముందుగా పారతో, పళ్లపారతో పక్కకు లాగేయడానికి అయ్యే కూలి ఖర్చును తగ్గించుకోకూడదు.

తీవ్రంగా కాలిన నేల కూడా పూర్తిగా నిర్జీవం కాదు. 2013లో కాలిఫోర్నియాలో వచ్చిన ‘రిమ్’ అనే కారుచిచ్చు, పరిశోధకులు అంతకుముందే మట్టి నమూనాలు సేకరించిన కొన్ని ప్రదేశాలను కూడా తగలబెట్టింది. మంట తరువాత చూస్తే మట్టిలో ఎక్టోమైకోరైజా వైవిధ్యం బాగా తగ్గిపోయింది, కానీ ఆ మట్టిలో పైన్ విత్తనాలు నాటితే రైజోపోగాన్, విల్కాక్సినా వంటి శిలీంధ్రాలు మొక్కల వేళ్లను ఆక్రమించాయి. వేడిని తట్టుకున్న శిలీంధ్ర బీజాలు నేలలో నిద్రిస్తూ ఉండటమే దీనికి కారణం. నేల కింద పండే రైజోపోగాన్‌ను చిన్న జంతువులు తవ్వి తిని, దాని బీజాలను అడవంతా చల్లుతాయి. అయితే ఇవి మంట తరువాతి మొలకలకు ఆసరా మాత్రమే. ముదురు అడవిలోని అన్ని జాతులకూ బదులు కాలేవు.

ఈ ఫలితాలను మన నల్లమలకు ఉన్నవున్నట్టుగా అన్వయించడం సరికాదు. టేకు వేళ్లలో ఉండేది మరో రకం, ఆర్బస్క్యులర్ మైకోరైజా. అది వేరు కణాల లోపలికి చొచ్చుకుపోతుంది, పుట్టగొడుగులను పుట్టించదు. వేడి దేశపు ఆకురాల్చు అడవిలో పైన్ అడవిలోలాగా మందమైన పొర కూడా పేరుకోదు, చెదలూ వర్షాలూ దాన్ని త్వరగా మట్టిలో కలిపేస్తాయి. కాబట్టి వేసవికి ముందు మంట అడ్డుకట్టలుగా అటవీ సిబ్బంది కాల్చే దారుల్లోనే, కాల్చక ముందూ తరువాతా మట్టిని తీసి పరీక్షించాలి.