తువ్వాలు పురి, ప్యాకార్డ్ బండి

మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి సైన్సు మాస్టారిని తలుచుకుంటే నాకు ముందు తడి తువ్వాలు గుర్తొస్తుంది. బోరింగు దగ్గర తడిపి తెచ్చి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని పురి తిప్పారు. నీళ్లు కారుతుంటే క్లాసంతా నవ్వింది. "నీళ్లు కాదురా, నీ మణికట్టు సంగతి చెప్పు. లాగుతోందా లేదా?" అన్నారు. నిజంగానే లాగింది. పురి పెట్టింది ఏదైనా విప్పుకోవాలని చూస్తుందని ఆ రోజు నా చేతికే తెలిసింది.

ముప్పై ఏళ్ల తర్వాత ఆ పాఠం అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఒక గ్యారేజీలో మళ్లీ ఎదురైంది. పక్కింటి పెద్దాయన 1956 ప్యాకార్డ్ పెట్రీషియన్ కారును బాగుచేసుకుంటుంటే శనివారాలు నేనూ వెళ్లి చేయి వేసేవాణ్ణి. ఖరీదైన అమెరికన్ కార్లలో ఒకప్పుడు క్యాడిలాక్‌కు దీటైన పేరు ప్యాకార్డ్. ఆయన నాన్నగారు ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లోని ప్యాకార్డ్ ఫ్యాక్టరీలో పనిచేశారట. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కంపెనీ రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లు 50 వేలకు పైగా చేసింది. 1956 జూన్ 25తో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ కార్ల తయారీ ఆగిపోయింది. ఆ తేదీ చెప్పేటప్పుడల్లా పెద్దాయన గొంతు మారేది.

రంగుకీ, క్రోముకీ, సీట్లకీ ఏడాది పట్టింది. నా మనసు మాత్రం బండి కిందే ఉండేది. దానికి మామూలు స్ప్రింగులు లేవు. రెండు పక్కలా ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ కలుపుతూ సుమారు 9 అడుగుల ఉక్కు కడ్డీ ఉంటుంది. ముందు చక్రం గతుకెక్కితే ఆ కడ్డీ మెలి తిరిగి, ఆ తోపును వెనక చక్రానికి కూడా పంచుతుంది. లోపల కూర్చున్నవాళ్ల దాకా కుదుపు రాదు. విలియం అలిసన్ అనే ఇంజనీరు ఆలోచన అది. ఇంకా గొప్ప సంగతి, వెనక సీట్లో బరువు పడి బండి వంగితే ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు ఇంకో జత పొట్టి కడ్డీలను తిప్పి దాన్ని మళ్లీ సమంగా లేపుతుంది. దారిలో ప్రతి గతుక్కీ తిరగకుండా ఏడు సెకన్లు ఆగి మరీ తిరుగుతుంది.

మా బండి లేవలేదు. వెనక భాగం చతికిలబడే ఉంది. రెండు శనివారాలు ఒకటే టెన్షన్. చివరికి ఆ మోటారు స్విచ్చి విప్పి చూస్తే గోరంత కాంటాక్టు చిలుము పట్టి ఉంది. సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే మెరుపు తేలింది.

పెద్దాయన తాళం తిప్పి నన్ను వెనక సీట్లో కూర్చోమన్నారు. బండి కిందికి దిగింది. నేను తెలుగులోనే పైకి లెక్కపెట్టాను. ఏడు అనేసరికి నా కిందెక్కడో మోటారు గుర్రుమంది. సీటు నన్ను మెల్లగా పైకెత్తింది.

ఎలా లేచిందో చెప్పమని పెద్దాయన మనవడు అడిగాడు. బల్ల మీది తువ్వాలు తీసి, పంపు కింద తడిపి, ఒక కొస వాడి చేతికిచ్చాను.